ట్రంకు పెట్టెలు, పాత కంప్యూటర్ పత్రికలు, మేము తొందరపడి అన్న మాట



ఈ వారం పాత కంప్యూటర్ పత్రికల గురించి రాస్తున్నాము. పల్లెటూరి పాస్టరుకు ఆ గొడవ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. కారణం ఉంది. మందిరంలో అందరూ వింటుండగా మేము ఒక మాట అన్నాము. అది సరైన మాట కాదని తర్వాత తెలిసింది. అందరి ముందు అన్నదాన్ని ఒకరి ఇంట్లో కూర్చుని చాటుగా సరిదిద్దుకుంటే చాలదు గనుక ఇక్కడ రాస్తున్నాము. ఆ సహోదరుణ్ణి అడిగి, ఆయన సరేనన్న తర్వాతే రాస్తున్నాము. పేరు మాత్రం రాయము. ఊళ్ళోవాళ్ళకు ఎలాగూ తెలుసు.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుని ఉపమానం మీద వాక్యం చెప్పాము. పంట విరగపండితే, పాత కొట్లు విప్పించి పెద్దవి కట్టించుకుందామని లెక్కలు వేసుకున్న ఆ మనిషి సంగతి మీకు తెలిసిందే. వాక్యం బాగా సాగుతోంది, జనం శ్రద్ధగా వింటున్నారు. బోధకుడికి నోరు జారేది సరిగ్గా అలాంటప్పుడే. "మన మధ్యా ఉన్నారు అలాంటివాళ్ళు. ఎందుకూ కొరగాని పాత కంప్యూటర్ పుస్తకాలు ట్రంకు పెట్టెల నిండా దాచుకుని, ఇల్లు కురుస్తున్నా ముందు వాటికే గొడుగు పట్టేవాళ్ళున్నారు" అన్నాము. "వాళ్ళున్నారు" అని బహువచనంలో అన్నాము గాని, ఊరు మొత్తానికి అలాంటి మనిషి ఒక్కడే. స్త్రీలు కూర్చున్న వైపు నుంచి నవ్వు వినబడింది. మగవాళ్ళ వైపు నలుగురైదుగురు వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. ఆయన తల దించుకుని పాటల పుస్తకం అట్ట గోటితో గీసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి రెండు ఆదివారాలు ఆయన ఆరాధనకు రాలేదు. భార్య ఒక్కతే వచ్చింది. అడిగితే "జ్వరమండీ అయ్యగారూ" అంది. జ్వరం కాదని ఆమె ముఖమే చెబుతోంది.

గురువారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాము. ప్లాస్టిక్ కుర్చీ వేసి టీ ఇచ్చారు. వర్షాల గురించి, మిరప ధర గురించి కాసేపు మాట్లాడుకున్నాము. చివరికి ఆయనే అన్నాడు. "అయ్యగారూ, మీరు చూడకుండానే చెప్పారు. ఒక్కసారి చూడండి. చూశాక కూడా కాల్చెయ్యమంటే, నేనే పెరట్లో పెట్టి కాల్చేస్తాను." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే మాకు తేలికగా ఉండేది.

మొత్తం అయిదు ట్రంకు పెట్టెలు. చెమ్మ తగలకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టాడు. లోపల ఎండు వేపాకు, గుడ్డలో మూటగట్టిన కలరా ఉండలు. డేటాక్వెస్ట్, పీసీక్వెస్ట్, చిప్, డిజిట్, ఎలక్ట్రానిక్స్ ఫర్ యు, మన తెలుగులో వచ్చిన కంప్యూటర్ ఎరా, అన్నీ సంవత్సరాల వారీగా, నెలల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. మా ఇంట్లో బైబిలు వ్యాఖ్యానాలు కూడా అంత క్రమంగా లేవు. ఒక పెట్టెలో మాత్రం విదేశీ పత్రికలు, ఓ ఇరవై దాకా. బైట్, కంప్యూట్ లాంటివి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, తర్వాత విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఏరి తెచ్చుకున్నవట.

ఈయన మన మండల కేంద్రంలో 1998 నుంచి పదకొండేళ్ళు కంప్యూటర్ సెంటర్ నడిపాడని మీలో చాలామందికి తెలుసు. ఇప్పటి పిల్లలకు తెలియనిది ఒకటుంది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలైందే 1995 ఆగస్టు 15న. అదీ మహా నగరాల్లో. మన వైపు అప్పటికి ఎస్టీడీ బూత్ ఉంటే గొప్ప. పాఠం చెప్పేవాడికి సందేహం వస్తే అడిగే దిక్కు లేదు. నెలకోసారి బస్సులో వచ్చే పత్రికే గురువు. 1990ల చివర్లో పీసీక్వెస్ట్‌తో పాటు సీడీ ఇచ్చేవాళ్ళు, లినక్స్ మొత్తం దాంట్లో వచ్చేది. అదే సీడీని అప్పటి టెలిఫోన్ లైను మీద దించుకోవాలంటే, లైను ఒక్క క్షణం తెగకుండా పూర్తి వేగంతో నడిచినా, ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోయేది. మన ఊరి లైను గంటసేపు తెగకుండా ఉన్న రోజు మాకు గుర్తు లేదు. అందుకే ఆయన ఆ సీడీల్ని కవర్లతో సహా దాచాడు.

ఆ గది గోడకు ఒక బొమ్మ అతికించి ఉంది. నీలిరంగు పెట్టె, ముందు వైపు వరుసగా మీటలు, చిన్న చిన్న దీపాలు. అమెరికాలో 1975 జనవరిలో వచ్చిన పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రానికి నకలు. అసలు పత్రిక ఆయన దగ్గర లేదు, కొనే స్తోమతా లేదు. ప్రపంచంలో పాత కంప్యూటర్ పత్రికలు పోగుచేసేవాళ్ళందరూ ముందు అడిగే సంచిక అదేనట. ఆ పెట్టె పేరు ఆల్టెయిర్ 8800. 400 డాలర్ల లోపు విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకోగల కంప్యూటర్. అప్పటిదాకా కంప్యూటర్ అంటే కంపెనీలకూ విశ్వవిద్యాలయాలకూ ఉండే వస్తువు.

ఆ బొమ్మ వెనక కథ విన్నాక మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొమ్మలో ఉన్నది ఖాళీ పెట్టె. తయారుచేసిన అసలు యంత్రాన్ని ఆల్బుకర్కీ నుంచి న్యూయార్కుకు పార్సిల్ పంపితే దారిలో పోయింది. పత్రిక అచ్చుకు వెళ్ళే గడువు దగ్గర పడింది. ఇక చేసేదిలేక పైకి మీటలూ దీపాలూ ఉన్న డొల్ల పెట్టెను పెట్టి ఫొటో తీశారు. లోపల ఏమీ లేదు. పాత కంప్యూటర్ పత్రికల్లో అందరూ కోరుకునే ముఖచిత్రం మీద ఉన్నది ఖాళీ పెట్టె!

ఇది విన్న వెంటనే మాలోని బోధకుడు లేచాడు. "చూశావా, లోకపు ధనమంతా ఇంతే, పైకి దీపాలు, లోపల డొల్ల" అని పెదవుల దాకా వచ్చింది. వచ్చే ఆదివారానికి ప్రసంగం దొరికిందనుకున్నాము కూడా. ఆయన మమ్మల్ని చూసి చిన్నగా నవ్వి, "అప్పుడే ముగించకండి అయ్యగారూ, ఇంకా ఉంది" అన్నాడు. పాల్ అలెన్ అనే కుర్రవాడు హార్వర్డ్ దగ్గర పత్రికల దుకాణంలో ఈ సంచిక చూసి, కొని, అక్కడే చదువుకుంటున్న స్నేహితుడు బిల్ గేట్స్ దగ్గరికి పట్టుకుపోయాడు. ఇద్దరూ కలిసి ఆ యంత్రానికి బేసిక్ భాష రాశారు. మైక్రోసాఫ్ట్ మొదలైంది అక్కడి నుంచే, అదే 1975లో. "అట్ట మీద పెట్టె ఖాళీయే. కానీ లోపల పేజీలు ఖాళీ కాదు కదండీ. ఆయన అట్ట చూసి ఊరుకోలేదు, తెరిచి చదివాడు."

ఈ మాట మీదే మా అభిప్రాయం మారింది. అందుకే మిగతాది ఇక్కడి నుంచి చెబుతాము.

పాత పత్రికలకు ధర కట్టే లోకం ఒకటుంది. ఆయన చెబితేనే మాకు తెలిసింది. మొదటి సంచిక అయితే ఒక ధర. బైట్ పత్రిక 1975 సెప్టెంబరులో మొదలై 1998 జులైలో ఆగిపోయింది. ఆ మొదటి సంచిక వేరు, చివరి రోజులవి వేరు. అట్ట ఊడకూడదు, పిన్నులు తుప్పు పట్టకూడదు, చందాదారు చిరునామా చీటీ అంటించి ఉంటే కొందరికి నచ్చదు, లోపలి ప్రకటనల కార్డు ఎవరో చింపుకుని పోస్టు చేసి ఉంటే ధర పడిపోతుంది. సీడీతో వచ్చిన పత్రికకు సీడీ ఉండాలి. 1977 మేలో ఇంటర్‌ఫేస్ ఏజ్ అనే అమెరికా పత్రిక, గ్రామఫోను రికార్డులాంటి పల్చటి ప్లాస్టిక్ రికార్డు మీద కంప్యూటర్ ప్రోగ్రాము ముద్రించి లోపల కుట్టి ఇచ్చింది. ఇప్పుడు ఆ రికార్డు లేని సంచికను తీసుకునేవాళ్ళు పెదవి విరుస్తారు. ఇక అమెరికాలో సీజీసీ వంటి సంస్థలు కామిక్ పుస్తకాలనూ పత్రికలనూ పరీక్షించి, 10కి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసి పంపుతాయి. సీలు తెరిస్తే ఆ మార్కు చెల్లదు. అంటే ఆ పత్రికను ఇక ఎవరూ చదవరు. అలెన్ ఆ రోజు అలాగే సీలు వేయించి గోడకు తగిలించి ఉంటే, ఈ రోజు ఆ సంచికను అడిగే నాథుడు ఉండేవాడు కాడు. తెరిచి చదివినందువల్ల విలువ వచ్చిన కాగితాన్ని, తెరవకుండా ఉంచడమే విలువ అనడం మాకు మింగుడు పడలేదు. సొంత డబ్బు పెట్టి అలా చేసుకునేవాళ్ళను దోషులని మేము అనము. కానీ అది పత్రికను దాచడం కాదు, ధరను దాచడం.

ధర మాట వచ్చింది గనుక ఇంకొకటి. మన ఇంట్లోనూ పాత పత్రికలు ఉన్నాయని ఇది చదివి ఎవరైనా ఫోనులో వెదికి, ఎవరో పెట్టిన పెద్ద అంకె చూసి మోసపోకండి. పశువుల సంతలో మొదట చెప్పే ధరకు ఎద్దు చేతులు మారదని మీకు తెలుసు. అడిగింది కాదు, నిజంగా చేతులు మారింది ఎంతో చూడాలి. చాలా పత్రికలకు అది చాలా తక్కువ.

కిందటి ఏడాది ఆయన దగ్గరికి కూడా పట్నం నుంచి ఒకతను వచ్చాడు. రెండో అమ్మాయి నర్సింగ్ ఫీజు కట్టాల్సిన నెల అది. ఇంటావిడ అమ్మేయమంటోంది, ఆమె తప్పేమీ లేదు. వచ్చినతను అయిదు పెట్టెలూ గంటలో తిరగేశాడు. శుభ్రంగా ఉన్నవి, సీడీ ఉన్నవి, అట్ట మెరుస్తున్నవి 43 తీసి పక్కన పెట్టాడు. మిగతావి తోసేశాడు. "వీటి నిండా పెన్సిలు గీతలండీ, ఇవి తూకానికి తప్ప పనికిరావు" అన్నాడట. ఆ 43 అమ్మి ఫీజు కట్టారు. తూకానికి మాత్రం ఈయన ఒప్పుకోలేదు.

అతను తోసేసినవాటిలోంచి ఒకటి తీసి మా చేతికిచ్చాడు. అంచుల్లో పెన్సిలుతో సన్నటి రాత. ఫలానా అమ్మాయికి ఇది అర్థం కాలేదు, రేపు మళ్ళీ చెప్పాలి. ఫలానా అబ్బాయి ఇది ఒక్కసారిలో చేశాడు. ఫలానావాడు ఫీజు కట్టలేదు, అడగవద్దు. పేజీ తర్వాత పేజీ. విదేశాల్లో, బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ ఈ పేజీ చదువుతున్న బిడ్డలారా, మేము ఒక సాయంత్రం చూసినంతలోనే మీలో ఆరుగురి పేర్లు ఆ అంచుల్లో ఉన్నాయి. అందులో ఒకరి పేరు పక్కన ఆ ఫీజు సంగతి ఉంది. ఎవరిదో చెప్పము.

మా చేతిలో ఉన్న బైబిలూ అలాంటిదే. సెమినరీలో చేరిన ఏడాది కొన్నది. అట్ట రెండుసార్లు మార్పించాము, అంచుల నిండా గీతలూ తేదీలూ. అమ్మబోతే ఎవడూ పది రూపాయలు ఇవ్వడు. అపొస్తలుడైన పౌలు చెరసాల నుంచి తిమోతికి రాస్తూ, త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసిన అంగీతో పాటు పుస్తకాలు కూడా తెమ్మన్నాడు, ముఖ్యంగా చర్మపు కాగితాలు. మరణం ముంగిట ఉన్న మనిషి అడిగిన రెండు వస్తువుల్లో ఒకటి చలికి, ఒకటి చదువుకు. అవి ఏ పుస్తకాలో వాక్యం చెప్పలేదు. మేము మాత్రం పెన్సిలు గీతలున్నవే అయి ఉంటాయనుకుంటాము. ఇది వ్యాఖ్యానం కాదు, మా ఊహ.

ఆయనలో తప్పేమీ లేదని చెప్పడం లేదు. 2003లో చీటీ కట్టాల్సిన డబ్బు పట్టుకెళ్ళి ఆబిడ్స్‌లో పుస్తకాలు కొనుక్కొచ్చాడట. నెలరోజులు ఇంట్లో మాటల్లేవు. తనే చెప్పాడు, రాయమన్నాడు. పోగుచేసేవాడికి ఉండే ప్రమాదం అదే. ఇంకొక్కటి ఉంటే వరుస పూర్తవుతుంది అనిపిస్తుంది. ఆ వరుస ఎప్పటికీ పూర్తి కాదు. మేము ప్రసంగంలో చెప్పాల్సింది దాని గురించి. ఉపమానంలోని ధనవంతుడి తప్పు ధాన్యం దాచడం కాదు. ఏడు కరువు సంవత్సరాల కోసం ధాన్యం దాచిన యోసేపును వాక్యం మెచ్చుకుంది కదా! ఆ ధనవంతుని లెక్కలో తాను తప్ప ఇంకెవరూ లేరు, అదీ తప్పు. మరి ఈ సహోదరుని అంచుల్లో ఎన్ని పేర్లున్నాయి? పెట్టెల సంఖ్య చూసి తీర్పు తీర్చాము, పెట్టెలు తెరిచి చూడలేదు.

దాచినవాణ్ణి ఎగతాళి చేసిన మేము, దాచవలసినదాన్ని పోగొట్టినవాళ్ళమే. ఇది చెప్పకపోతే న్యాయం కాదు. పాస్టరు ఇంటికి రేకులు మార్పించిన ఏడాది అటక మీద పాత సంఘ మాసపత్రికల కట్టలు దొరికాయి. చెదలు పట్టాయని, ఎవరు చదువుతారని, పాత పేపర్లవాడికి వేసేశాము. తూకం వేసి ఇచ్చిన డబ్బుతో మేకులు కొన్నాము. మూడేళ్ళ తర్వాత మందిర స్థలం హద్దుల విషయంలో తగాదా వచ్చింది. ప్రతిష్ఠ ఆరాధన ఎప్పుడు జరిగింది, స్థలం ఇచ్చినవారు ఎవరు అన్నది ఆ పత్రికల్లో ఒకదానిలో అచ్చయిందని అప్పటికి బతికి ఉన్న ఒక పెద్దావిడ చెప్పింది. చెప్పడమే గాని చూపించడానికి ఏముంది? యిర్మీయా పొలం కొని, ఆ క్రయపత్రాలు చాలా కాలం చెడకుండా ఉండేలా మట్టికుండలో పెట్టించాడు. అదీ బబులోను సైన్యం ఊరిని ముట్టడించి ఉన్నప్పుడు. ఆ భాగం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో! కుండ విలువ మాత్రం మేకులు కొన్నాకే తెలిసింది.

"అవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి కదా, కాగితం ఎందుకు" అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. బైట్ వంటి అమెరికా పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పేజీ పేజీగా చదువుకోవచ్చు. వాటి కోసం ఎవరూ అప్పు చేసి కాగితం కొనక్కర్లేదు. తెలుగులో వచ్చిన కంప్యూటర్ పత్రికలకు అంత భాగ్యం లేదు. పైగా నాసిరకం కాగితం, పసుపెక్కి, మడిస్తే విరిగిపోతోంది. ఏ ఊరి పెట్టెలో ఉన్నవి ఆ ఊళ్ళోనే పోతాయి. పెన్సిలు రాతలైతే ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

ఆ గురువారం ఆయన చూపించిన వాటిలో ఇంకొకటుంది. మమ్మల్ని ఇది రాయించింది అదే. అప్పటి పత్రికల్లో ప్రోగ్రాములు వరుస వరుసగా అచ్చు వేసేవాళ్ళు. చదివేవాళ్ళు ఇంట్లో కూర్చుని ఒక్కొక్క అక్షరం టైపు చేసుకోవాలి. ఒక్క కామా తప్పితే నడవదు. తప్పు కొన్నిసార్లు పాఠకుడిది కాదు, పత్రికదే. అప్పుడు తర్వాతి సంచికల్లో దిద్దుబాటు వేసేవాళ్ళు. బైట్‌లో దానికి ఒక శీర్షికే ఉంది, "బైట్స్ బగ్స్" అని. ఫలానా నెల, ఫలానా పేజీలో మేము తప్పు వేశాము, సరైనది ఇది అని. కంప్యూట్ పత్రికలోనూ అలాంటి శీర్షిక ఉండేది. "ఒక్క నెలదే దాచుకుంటే సరిపోదండీ, తర్వాతి నెలదీ ఉండాలి, లేకపోతే తప్పే మిగిలిపోతుంది" అన్నాడు. మమ్మల్ని ఉద్దేశించి అనలేదు. సంచికల వరుస ఎందుకు పూర్తిగా ఉండాలో చెబుతున్నాడంతే. మేము టీ గ్లాసు కింద పెట్టి, క్షమించమని అడిగాము. ఆయన కంగారుపడి లేచి నిలబడ్డాడు.

తర్వాత సంఘ పెద్దలతో మాట్లాడాము. మందిరం వెనక, వేసవిలో వీబీఎస్ జరిపే గదిలో ఒక బీరువా, ఒక గోడ ఆయన పత్రికలకు ఇద్దామన్నాము. అందరూ ఒప్పుకోలేదు. ఒక పెద్ద, మేము గౌరవించే మనిషి, "ఎఫెసులో మారుమనస్సు పొందినవాళ్ళు తమ పుస్తకాలు తెచ్చి తగలబెట్టారు, మనం తెచ్చి బీరువాలో పెడతామా" అన్నాడు. మేము చెప్పింది ఇది. వాళ్ళు తగలబెట్టినవి మంత్రతంత్రాల పుస్తకాలు. వాటి వెల 50,000 వెండి రూకలైనా వాళ్ళు అమ్ముకోలేదు, ఎందుకంటే అమ్మితే ఆ చెడు ఇంకొకడి ఇంటికి పోతుంది. ఈ పత్రికలు మన పిల్లలకు పని నేర్పి అన్నం పెట్టాయి. దానియేలు కల్దీయుల విద్య నేర్చుకున్నాడు, నేర్చుకున్నందుకు అపవిత్రుడు కాలేదు. ఆయన పూర్తిగా ఒప్పుకున్నాడని అనలేము. ఆరాధన జరిగే చోట మాత్రం పెట్టకూడదన్నాడు. అది న్యాయమే, అలాగే చేశాము.

ప్రదర్శన అన్న మాట మీద మాకూ కొంచెం భయం ఉంది. హిజ్కియా రాజు బబులోను నుంచి వచ్చిన దూతలకు తన ఇంట్లో ఉన్నదంతా చూపించాడు, ఒక్కటీ వదలకుండా. అప్పుడు యెషయా వచ్చి వాళ్ళు నీ ఇంట్లో ఏమి చూశారని అడిగాడు. అదే యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్ళు నిలబెట్టించాడు, అదీ చూపించడానికే. అయితే అవి రాజదూతల కోసం కాదు. ఇవి ఏమిటని పిల్లలు అడిగితే పెద్దలు జవాబు చెప్పడం కోసం. మన గోడ పిల్లలు అడిగేలా ఉండాలని పెద్దల దగ్గర అనుకున్నాము. అందుకే "అపురూప సేకరణ" అని బోర్డు రాయిస్తామని యువకులు ఉత్సాహపడితే వద్దన్నాము.

గోడకు అసలు పత్రికలు తగిలించలేదు. ఎండ తగిలితే ముందు పసుపు, ఎరుపు రంగులు వెలిసిపోయి అట్టంతా నీలంగా మిగులుతుంది. కొన్ని అట్టలకు కలరు జిరాక్సులు తీయించి అవి పెట్టాము, అసలువి బీరువాలో ఉన్నాయి. లామినేషన్ చేయిద్దామని ఒకరు, చిరిగినచోట టేపు వేద్దామని ఒకరు అన్నారు. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. టేపు జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుందట, లామినేషన్ చేస్తే ఇక వెనక్కి తీయలేమట. నున్నటి కాగితం తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే అక్షరాలతో సహా ఊడివస్తాయి. అందుకే బీరువాను కిటికీకి దూరంగా, గోడకు జానెడు ఎడంగా పెట్టాము.

మొదటి శనివారం పదకొండు మంది పిల్లలు వచ్చారు. చేతులు కడుక్కుని కూర్చున్నారు. 1980ల మొదట్లో వచ్చిన ఒక అమెరికా పత్రికలో ప్రకటన చూపించాడు: 10 మెగాబైట్ల డిస్కు, వెల కొన్ని వేల డాలర్లు. ఒక కుర్రవాడు తన అన్న ఫోను తెచ్చి, అందులో ఒక్క ఫొటోయే నాలుగు మెగాబైట్లని చూపించాడు. అంటే ఆ డిస్కులో మూడో ఫొటో పట్టదు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి మాకు ఆ ఆదివారపు నవ్వు గుర్తొచ్చింది.

తర్వాత పాత కంప్యూటర్ ఒకటి బయటికి తీసి, పత్రికలోని చిన్న బేసిక్ ప్రోగ్రాము ఒకదాన్ని ఇద్దరు అమ్మాయిల చేత టైపు చేయించాడు. గంటసేపు నడవలేదు. ఒకరు చదువుతుంటే ఒకరు వేలు పెట్టి చూసుకుంటూ మళ్ళీ మొదటి నుంచి వచ్చారు. సున్నా కొట్టాల్సినచోట ఓ అక్షరం కొట్టారు. అది దిద్దగానే నడిచింది. ఆయన పత్రిక తీసుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, అంచున ఆ ఇద్దరి పేర్లూ తేదీ రాశాడు. ధర ఇంకాస్త పడిపోయిందని పక్కనున్న యువకుడు వేళాకోళం చేశాడు.

శనివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా గది తీసి ఉంటుంది. పత్రికలు ఇంటికి ఇవ్వము, అక్కడే చదువుకోవాలి. మీ ఇళ్ళల్లో అటకల మీద పాత కంప్యూటర్ పత్రికలు, ముఖ్యంగా తెలుగువి ఉంటే, పేపర్లవాడికి వేసేముందు ఒక్క కబురు చేయండి, చిరిగినవైనా సరే. గీతలున్నవైతే ఇంకా మంచిది. మన పాత సంఘ మాసపత్రికలు ఎవరి దగ్గరైనా ఒక్క సంచిక ఉన్నా మాకు చెప్పండి, మేమే వచ్చి తీసుకుంటాము. సెంటరులో చదువుకుని దూరదేశాల్లో ఉన్న బిడ్డలు, వీలున్న ఆదివారం సాయంత్రం ఆయనకు ఫోను చేయండి. నంబరు మారలేదు. జ్వరం తగ్గింది, ఆరాధనకు వస్తున్నాడు.